సైకిల్ తొక్కేవాళ్ల చేతుల నొప్పి: గ్లౌజులా, గ్రిప్పులా, సీటు సర్దుబాటా?

ఆదివారం పొద్దున హన్మకొండ నుంచి పాఖాల చెరువు దాకా సైకిల్ మీద వెళ్లొచ్చేవాళ్లను కదిపి చూడండి. కాళ్ల నొప్పుల గురించి పెద్దగా చెప్పరు. నర్సంపేట దాటేసరికి చిటికెన వేలు మొద్దుబారిందనో, ఇంటికొచ్చాక చొక్కా గుండీ పెట్టుకోవడానికి వేళ్లు మాట వినలేదనో చెబుతారు. రోజూ కాలేజీకో డ్యూటీకో తొక్కేవాళ్లకూ ఇదే బాధ, కాకపోతే వాళ్లకు నెమ్మదిగా వస్తుంది. ఇద్దరూ మొదట చేసే పని మాత్రం ఒకటే: గ్లౌజులు కొనడం.

గ్లౌజులు మంచివే, నేనూ వేసుకుంటాను. కానీ వరుసలో వాటిది మొదటి చోటు కాదు. చేతి కింద మెత్త వేసే ముందు చేతి మీద పడుతున్న బరువు తగ్గించాలి. దానికి చాలాసార్లు పైసా ఖర్చుండదు. ఒక పానా, ఒక అలెన్ కీ (ఆరు పలకల బోల్టు తిప్పే వంపు కడ్డీ), అరగంట ఓపిక ఉంటే చాలు. అవి చేశాక కూడా నొప్పి మిగిలితే అప్పుడు కొనేవాటి సంగతి. వాటిలో ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలు అక్కర్లేదు అనేది నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందు ఏ వేలో చూసుకోండి

ఏ వేలు తిమ్మిరెక్కుతోంది అన్నదాన్ని బట్టి మందు మారుతుంది. అందుకే ఈసారి తొక్కేటప్పుడు కాస్త గమనించండి.

చిటికెన వేలు, దాని పక్కనున్న ఉంగరపు వేలిలో సగం మొద్దుబారితే అది అల్నార్ నరం పని. ఈ నరం మోచేయి వెనక నుంచి దిగి, మణికట్టు దగ్గర చిటికెన వేలి వైపు రెండు చిన్న ఎముకల నడుమ ఉన్న ఇరుకు సందులోంచి అరచేతిలోకి వెళ్తుంది. 1861లో ఈ సందును వర్ణించిన ఫ్రెంచి సర్జన్ గుయోన్ పేరు మీద దాన్ని గుయోన్ కెనాల్ అంటారు. అక్కడ నరాన్ని కాపాడే కండ పెద్దగా లేదు, మనం హ్యాండిల్ మీద బరువు మోపేది కూడా సరిగ్గా అక్కడే. మిరప చేనులో డ్రిప్పు పైపు మీద కాలు పెడితే అవతలి మొక్కలకు నీళ్లు అందనట్టు, ఆ సందు దగ్గర నొక్కుకుంటే వేళ్లకు స్పర్శ అందదు. సైకిల్ తొక్కేవాళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఇదేం కొత్త జబ్బు కాదు, ఫ్రాన్స్‌లో 1896లోనే డెస్టో అనే వైద్యుడు సైకిల్ వల్ల వచ్చే ఈ నరం బలహీనత గురించి రాశాడు. 2003లో అచ్చయిన ఒక అమెరికా పరిశీలనలో 600 కిలోమీటర్లు తొక్కిన 25 మందిని ముందూ తర్వాతా పరీక్షించారు. వాళ్లలో 23 మందికి చేతుల్లో తిమ్మిరో, బలం తగ్గడమో, రెండూనో కనిపించాయి. కాబట్టి మీకొక్కరికే ఇలా అవుతోందని టెన్షన్ పడకండి, అలాగని వదిలేయకండి కూడా.

బొటన వేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కితే అది వేరే నరం, మీడియన్ నరం. అది మణికట్టు మధ్యలో ఉన్న కార్పల్ టన్నెల్‌లోంచి వస్తుంది. మణికట్టు చాలాసేపు వెనక్కి వంగి ఉంటే దీనికి ఇబ్బంది. రాత్రి నిద్రలో చేయి తిమ్మిరెక్కి లేచి విదిలించుకోవాల్సి వస్తోందంటే అనుమానం దీని మీదే. షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్లకు, గర్భిణులకు సైకిల్ తొక్కకపోయినా ఇది రావచ్చు. అందుకని అన్నిటికీ సైకిల్‌నే తప్పుపట్టకూడదు.

బొటన వేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి పుడితే గేర్లు మార్చే లివరును చూడండి. గట్టిపడిన గేరు కేబులును బొటన వేలితో పదే పదే నెట్టితే అక్కడ కండరాన్ని ఎముకకు కలిపే తీగలు వాస్తాయి. కేబులు మారిస్తే సగం సమస్య పోతుంది. ఇక అరచేతి చర్మం మండడం, బొబ్బలు రావడం నరానికి సంబంధించినవి కావు. అవి చెమట, రాపిడి. గ్లౌజులు నేరుగా పనికొచ్చే చోటు ఇదొక్కటే అనుకోవచ్చు.

ఖర్చు లేనివి ముందు

సైకిల్ మీద మన బరువు మూడు చోట్ల పడుతుంది: సీటు, పెడళ్లు, హ్యాండిల్. పెడలు బలంగా తొక్కుతున్నప్పుడు బరువు కాళ్లు మోస్తాయి, చేతులు తేలికవుతాయి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు మెల్లగా, ఆగి ఆగి తొక్కుతారు కాబట్టి తక్కువ దూరంలోనే చేతులు నొప్పెడతాయి. నెల రెండు నెలల్లో కాళ్లకు, నడుముకు, పొట్ట కండరాలకు బలం వస్తే కొంత దానంతటదే సర్దుకుంటుంది. మిగతాది సీటు దగ్గర ఉంది.

చేతులు నొప్పెడితే సీటునెందుకు చూడాలని అడుగుతారు. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే ఒళ్లు ముందుకు జారుతూ ఉంటుంది, జారకుండా ఆపే పని మొత్తం చేతుల మీద పడుతుంది. కూర్చున్న చోట నొప్పని సీటు ముక్కును కిందికి దించినవాళ్లకు కొన్ని వారాల్లో చేతులు పట్టుకుంటాయి. సరిచూసుకోవడం తేలిక. చదునైన గచ్చు మీద సైకిల్‌ను గోడకు ఆనించి నిటారుగా నిలబెట్టండి. సీటు మీద ముందు నుంచి వెనక దాకా ఆనేలా గట్టి అట్ట పుస్తకం ఒకటి పెట్టి, దాని మీద మేస్త్రీలు వాడే రసమట్టం గానీ ఫోన్‌లోని లెవెల్ యాప్ గానీ పెట్టండి. సమంగా ఉండాలి. ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే ఫర్వాలేదు, అంతకుమించి ముందుకు వాలకూడదు. కొత్త సైకిళ్లలో సీటు కింద అలెన్ బోల్టు ఉంటుంది. పాత వాటిలో రెండు పక్కలా నట్లుంటాయి, లోపల పళ్లుంటాయి కాబట్టి ఒక్కో పన్ను చొప్పునే కదులుతుంది. సరిగ్గా సమం రాకపోతే ముక్కు ఒక పన్ను పైకే ఉండనివ్వండి. రెండు నట్లూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాలి, లేకపోతే గుంతలో పడ్డప్పుడు సీటు మళ్లీ వాలిపోతుంది.

సీటును ముందుకు జరపడం ఇంకో వాడుక. హ్యాండిల్ దూరంగా ఉందనిపించగానే చాలామంది మెకానిక్‌లు చేసేది ఇదే. చేతికి దగ్గరవుతుంది నిజమే, కానీ ఒంటి బరువు కూడా పెడళ్ల ముందుకు వచ్చి చేతుల మీదే పడుతుంది. సీటు ఒక సెంటీమీటరు వెనక్కి జరిపితేనే చేతులు తేలికపడడం చాలామందికి అనుభవం. పరీక్ష ఒకటుంది: వడ్డేపల్లి చెరువు కట్ట లాంటి ఖాళీ చోట మామూలు వేగంతో తొక్కుతూ, చేతులను హ్యాండిల్ మీద నుంచి ఒక్క అంగుళం పైకి లేపండి. ఒళ్లు ఉన్నచోటే ఉంటే బరువు సరిగ్గా ఉన్నట్టు. వెంటనే ముందుకు పడబోతే సీటు వెనక్కి జరగాలి, లేదా హ్యాండిల్ పైకి రావాలి. చేతులు వదిలి తొక్కడం అలవాటు లేనివాళ్లు ఈ పరీక్ష చేయొద్దు. వాళ్లు సైకిల్‌ను గోడ పక్కన ఆపి, ఇంకొకరిని పట్టుకోమని కూర్చుని చూసినా తెలుస్తుంది.

సీటు మరీ ఎత్తుగా ఉన్నా ఇదే గొడవ. పెడలు పూర్తిగా కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండాలి, నడుము అటూ ఇటూ ఊగకూడదు.

తర్వాత బ్రేకు లివర్లు. షాపులో బిగించి ఇచ్చేటప్పుడు వీటిని నేలకు సమాంతరంగా ముందుకు చూసేలా పెడతారు. వాటి మీద వేళ్లు పెట్టాలంటే మణికట్టు పైకి లేచి వెనక్కి వంగాలి. బొటన వేలి వైపు తిమ్మిరి వచ్చేవాళ్లకు ముందు చూడాల్సింది ఇదే. సీటు మీద మామూలుగా కూర్చుని, మోచేతులు కొద్దిగా వంచి, వేళ్లు లివరు మీద పెట్టండి. ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే గీత మీద ఉండాలి. పక్క నుంచి ఎవరైనా ఫోన్‌తో ఫోటో తీస్తే వెంటనే కనబడుతుంది. లివరు క్లాంపు వదులు చేసి కిందికి తిప్పుకోవడం అయిదు నిమిషాల పని. వేళ్లు చిన్నగా ఉన్నవాళ్లు లివరు పక్కనుండే చిన్న స్క్రూతో దాన్ని హ్యాండిల్‌కు దగ్గరగా తెచ్చుకోవచ్చు, చాలా సైకిళ్లలో ఆ స్క్రూ ఉంటుంది. మీరు చేసుకోలేకపోతే ఏ పంచర్ షాపులోనైనా “అన్నా, సీటు ముక్కు జర సమానం చెయ్, లివర్లు జర కిందికి తిప్పు” అంటే చేసి పెడతారు. “చేతులు గుంజుతున్నయ్” అని మాత్రమే చెబితే మెత్తటి గ్రిప్పులు చూపిస్తారు.

గాలి సంగతి మన ఊళ్లో ప్రత్యేకంగా చెప్పాలి. సీసీ రోడ్ల అతుకులు, వరుస స్పీడ్ బ్రేకర్లు, పైపులు వేసి పూడ్చిన గాడులు, వీటన్నిటి అదురు హ్యాండిల్ మీదుగా చేతిలోకే వస్తుంది. లారీ టైర్లకు కొట్టే కంప్రెసరుతో సైకిల్‌కు గాలి పట్టిస్తే బొటన వేలితో నొక్కినా దిగనంత గట్టిగా పడుతుంది. టైరు పక్కన ముద్రించిన అంకెల్లో పెద్దది హద్దు మాత్రమే, అంత కొట్టాలని కాదు. 26 ఇంచుల, 1.95 వెడల్పున్న ఎమ్‌టీబీ (మౌంటెన్ బైక్) టైరుకు మామూలు ఒళ్లున్న మనిషికి 40 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అటూ ఇటూ సరిపోతుంది. 35 మిల్లీమీటర్ల వెడల్పున్న 700 సైజు టైరుకు 50, 60 మధ్య మొదలుపెట్టి చూసుకోవచ్చు. ముందు చక్రం మీద బరువు తక్కువ కాబట్టి దానికి నాలుగైదు పీఎస్‌ఐ తక్కువున్నా ఇబ్బంది లేదు, చేతులకు తేడా తెలిసేది ఆ చక్రంలోనే. కానీ 23, 25 మిల్లీమీటర్ల సన్న టైర్లకు గాలి మరీ తగ్గిస్తే గుంత అంచు తగిలి ట్యూబుకు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. మీటరున్న పంపు ఇంట్లో ఒకటి ఉంచుకోండి. నా లెక్కలో గ్లౌజుల కన్నా ముందు కొనాల్సిన వస్తువు అదే. పాత సైకిళ్ల వాల్‌ట్యూబు వాల్వుకు మీటరు సరిగ్గా చూపించదు, వాళ్లు చేత్తో నొక్కి కొద్దిగా దిగేలా ఉంచుకోవడమే దారి.

గ్రిప్పులా, గ్లౌజులా

సీటు, లివర్లు, గాలి సరిచేసి రెండు మూడు వారాలు తొక్కాక ఇంకా తిమ్మిరి మిగిలితే డబ్బు ఖర్చు పెట్టొచ్చు. తిన్నటి ఫ్లాట్ హ్యాండిల్ ఉన్న హైబ్రిడ్ (రోడ్ బైక్‌కూ ఎమ్‌టీబీకీ మధ్య రకం), ఎమ్‌టీబీ వాళ్లకు నా ఓటు గ్రిప్పులకే. ఎందుకో చెబుతాను.

సైకిల్‌తో వచ్చే గుండ్రటి రబ్బరు గ్రిప్పు సన్నగా ఉంటుంది. అరచేతి మొత్తం ఆనదు, ఒక సన్న గీత మీదే బరువు పడుతుంది. అది కూడా చిటికెన వేలి వైపు మెత్తటి చోట. కాబట్టి కావాల్సింది ముఖ్యంగా వెడల్పు, మెత్తదనం దాని తర్వాత. బయటి అంచున రెక్కలా వెడల్పుగా ఉండే గ్రిప్పులు అరచేతి మడమను కింద నుంచి మోస్తాయి, ఒత్తిడి పరుచుకుంటుంది, మణికట్టు వెనక్కి వాలకుండా ఆపుతాయి. బోల్టుతో బిగించే రకమైతేనే తీసుకోండి. బోల్టు లేనివి రెక్క కిందికి తిరిగిపోయి ఉన్నదాన్ని చెడగొడతాయి. వీటిని బిగించే కోణం మీద అంతా ఆధారపడి ఉంది. రెక్క మరీ పైకి ఉంటే మణికట్టు విరిచినట్టవుతుంది, కిందికి ఉంటే అది ఉన్నా లేనట్టే. సీటు మీద కూర్చుని, కళ్లు మూసుకుని చేతులు సహజంగా ఆనించి, రెక్క అరచేతి మొత్తానికీ ఒకేలా తగిలే చోట బిగించండి. మొదటి రోజు అలెన్ కీ జేబులో పెట్టుకుని వెళ్లి, దారిలో ఒకటి రెండు సార్లు ఆగి కొద్దిగా తిప్పి చూసుకోవడం మేలు. గేర్లు గ్రిప్పు తిప్పి మార్చే రకమైతే ఆ వైపు పొట్టి గ్రిప్పు కావాలి, కొనేటప్పుడు ఆ మాట షాపులో చెప్పండి. వెల నాలుగైదు వందల నుంచి మొదలై పైకి పోతుంది, కానీ ఏళ్ల తరబడి ఉంటాయి.

స్పాంజి గ్రిప్పులు వందకు అటూ ఇటూ దొరుకుతాయి. మొదటి వారం హాయిగా ఉంటాయి. మే నెలలో ఇక్కడి ఎండకు, చెమటకు అవి తడి పీల్చి అణిగిపోతాయి, వానాకాలం వచ్చేసరికి పొరలు ఊడతాయి. తడిసినప్పుడు జారి తిరుగుతాయి కూడా, బ్రేకు పట్టే సమయానికి అది ప్రమాదం. తాత్కాలికంగా తప్ప నేను వీటిని సూచించను. సిలికాన్ గ్రిప్పులు వాటికన్నా చాలా నయం, అదురును బాగా మింగుతాయి, చెమట పీల్చవు. రెక్క వద్దనుకునేవాళ్లకు, ఎమ్‌టీబీని నిజంగా కచ్చా దారుల్లో తొక్కేవాళ్లకు సిలికానే మంచిది, ఎందుకంటే గుంతల్లో హ్యాండిల్ మీద చేయి కదులుతూ ఉండాలి, రెక్క అడ్డొస్తుంది.

ఇక గ్లౌజులు. మెత్త ఉన్న గ్లౌజు వేస్తే అరచేతి మీద ఒత్తిడి తగ్గుతుంది, కొలిచి చూసి చెప్పిన మాటే ఇది. అయితే తగ్గుతుంది, పోదు. గ్లౌజు కొనేటప్పుడు చూడాల్సింది జెల్ ఎంత మందంగా ఉందని కాదు, ఎక్కడ ఉందని. చిటికెన వేలి వైపు అరచేతి మడమ మీద రెండు ముక్కలుగా ఉండి, మధ్యలో నరం వెళ్లే చోట గాడి వదిలిన మెత్త మంచిది. సరిగ్గా నరం మీద ఉబ్బెత్తు జెల్ ముద్ద పెట్టిన గ్లౌజులు కొన్నిసార్లు ఉన్న తిమ్మిరిని పెంచుతాయి. మరీ మందమైతే గ్రిప్పు లావైనట్టవుతుంది, పట్టు కోసం ఇంకా గట్టిగా పిడికిలి బిగిస్తాం, ముంజేయి లాగుతుంది. సైజు కూడా ముఖ్యం. బిగుతుగా ఉంటే మణికట్టు పట్టీయే నరాన్ని నొక్కుతుంది, వదులైతే అరచేతిలో ముడతలు పడి ఆ ముడతే గుచ్చుతుంది. షాపులో వేసుకుని ఊరికే చూసుకోకండి, అక్కడున్న సైకిల్ హ్యాండిల్ పట్టుకుని బరువు ఆనించి చూడండి. మోటారు సైకిల్ గ్లౌజులు పనికిరావు, వాటి కుట్లు అరచేతిలోకే వస్తాయి.

గ్లౌజులకు గ్రిప్పులు చేయలేని పని ఒకటుంది. పడ్డప్పుడు అరచేయి కంకర మీద గీసుకుపోకుండా కాపాడతాయి. దూరాలు తొక్కేవాళ్లు ఈ ఒక్క కారణానికైనా వేసుకోవాలి. ఎండాకాలం సగం వేళ్లవి, డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మంచులో నిండు వేళ్లవి. ప్రతి రైడు తర్వాత ఉతికి నీడలో ఆరేయండి, ఉప్పు పేరుకున్న గ్లౌజు చర్మాన్ని ఒరుస్తుంది.

రోడ్ బైక్ వాళ్ల లెక్క వేరు. వంపు హ్యాండిల్‌కు రెక్క గ్రిప్పులు పట్టవు. అక్కడ హ్యాండిల్ చుట్టూ చుట్టే మంచి బార్ టేపు, కావాలంటే దాని కింద రెండో పొర, ఆపైన గ్లౌజులు. ఆ హ్యాండిల్‌కు ఒక పెద్ద సుగుణం ఉంది: పైన, లివర్ల మీద, కింద వంపులో అని మూడు నాలుగు చోట్ల చేయి పెట్టొచ్చు. దాన్ని వాడుకోకుండా గంటల తరబడి లివర్ల మీదే చేతులు మోపితే టేపు ఎంత మెత్తగా ఉన్నా తిమ్మిరి తప్పదు. ఫ్లాట్ హ్యాండిల్ వాళ్లకు ఆ సుఖం కావాలంటే చివర్లకు బార్ ఎండ్లు, అంటే పొట్టి కొమ్ములు బిగించుకోవచ్చు. ఖాళీ హైవే మీద చాలా బాగుంటాయి. కానీ కొమ్ముల మీద చేయి ఉంటే బ్రేకు దూరమవుతుంది, కాబట్టి హన్మకొండ చౌరస్తా లాంటి రద్దీలో వాటిని ముట్టుకోవద్దు.

హ్యాండిల్ ఎత్తు, టైరు వెడల్పు, ముందు షాకులు

హ్యాండిల్ సీటుకన్నా బాగా కిందికి ఉంటే ఎత్తడం నిజంగా పనిచేస్తుంది. పాత సైకిళ్లలో మధ్యనున్న బోల్టు వదులు చేసి, మీద చెక్క ముక్క పెట్టి సుత్తితో ఒక్కటేస్తే లోపలి బిగింపు వదులై హ్యాండిల్ లేస్తుంది. కడ్డీ మీద ఇంతకు మించి లేపొద్దని ఒక గీత ఉంటుంది, అది బయటికి కనబడకూడదు. కనబడేంత లేపితే ఒకరోజు చేతిలోకి ఊడి వస్తుంది. కొత్త రకం వాటిలో కడ్డీ ముందే కోసి ఉంటుంది గనుక ఎత్తడం అంత తేలిక కాదు. స్టెమ్, అంటే హ్యాండిల్‌ను కడ్డీకి కలిపే ముక్కను, తిరగేసి బిగిస్తే కొంచెం లేస్తుంది, చాలకపోతే పైకి లేచిన హ్యాండిల్ లేదా పొట్టి స్టెమ్ వేయించాలి. బ్రేకు, గేరు కేబుళ్లు చాలతాయో లేదో హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. ఈ పనికి తెలిసిన మెకానిక్ దగ్గరికే వెళ్లాలి.

ముందు షాకుల (షాక్ అబ్జార్బర్ల) కోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దని గట్టిగా చెబుతాను. చవక సైకిళ్లకు వచ్చే స్ప్రింగు షాకులు పెద్ద గుంతలో దిగుతాయి తప్ప, చేతిని మొద్దుబార్చే సన్న అదురును మింగవు. పైగా బరువు. అదే డబ్బుతో ఫ్రేములో పట్టేంత వెడల్పు టైరు వేసుకుంటే ప్రతి మీటరు దూరంలోనూ లాభం.

కొత్త సైకిల్ కొనబోయేవాళ్లకు

చేతులకు అన్నిటికన్నా సుఖమైనది మన పాత నల్ల సైకిలే. పాలు పోసేవాళ్లు, పేపర్ వేసేవాళ్లు ఇప్పటికీ తొక్కేది. దాని హ్యాండిల్ వెనక్కి వంగి ఉంటుంది, మనిషి నిటారుగా కూర్చుంటాడు, బరువంతా సీటు మీదే, మణికట్టు తిన్నగా ఉంటుంది. ఊళ్లోనే అయిదారు కిలోమీటర్లు తిరిగేవాళ్లు, చేతుల్లో ఇప్పటికే తిమ్మిరి ఉన్న పెద్దవాళ్లు దాన్ని చిన్నచూపు చూడకండి. బరువెక్కువ, గేర్లుండవు, ఎదురుగాలికి కష్టం, అంతే.

కాజీపేట, హన్మకొండ, వరంగల్ మధ్య రోజూ తిరిగే కాలేజీ పిల్లలకు 35 నుంచి 45 మిల్లీమీటర్ల టైరున్న, షాకులు లేని హైబ్రిడ్ బాగా నప్పుతుంది. ఎమ్‌టీబీ తీసుకోవాలని పిల్లలు పట్టుబడతారు, తీసుకోండి, కానీ సైజు మాత్రం తగ్గొద్దు, పెరగొద్దు. రెండేళ్లలో ఎదుగుతాడు కదా అని పెద్ద ఫ్రేము కొనిస్తే ఆ రెండేళ్లూ చేతులు చాచి వేలాడుతూ తొక్కుతాడు. రామప్ప దాకా, లక్నవరం దాకా పొద్దంతా తొక్కేవాళ్లు, 200 కిలోమీటర్ల బ్రెవెట్లకు, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు రైడ్లకు, పోదామనుకునేవాళ్లు వంపు హ్యాండిల్, కనీసం 28, వీలైతే 32 టైరు పట్టే సైకిల్ చూసుకోవాలి. షాపు ముందు ఒక రౌండు తిరిగి కొనేయకండి. పదిహేను నిమిషాలు తొక్కనివ్వమని అడగండి, చేతుల సంగతి మొదటి అయిదు నిమిషాల్లో బయటపడదు.

దారిలో, ఇంటికొచ్చాక

తిమ్మిరి మొదలవగానే చేయి చోటు మార్చండి, అది పూర్తిగా ఎక్కేదాకా ఆగొద్దు. మోచేతులు కర్రలా బిగబట్టకుండా కొంచెం వంచి ఉంచండి, అప్పుడు అదురు మణికట్టు దగ్గర ఆగకుండా చేతిలో పంచుకుంటుంది. స్పీడ్ బ్రేకరు కనబడగానే పెడళ్ల మీద కొద్దిగా లేవండి. పిడికిలి వదులు చేయండి, భయంతో గట్టిగా పట్టుకోవడమే సగం నొప్పి. ఒక చేయి కిందికి వేలాడేసి విదిలించండి, తర్వాత రెండోది, కానీ బండ్లు లేని చోటే. దూరం పోతుంటే అరగంటకోసారి ఒక నిమిషం ఆగి, చేయి ముందుకు చాచి అరచేతిని మెల్లగా వెనక్కీ ముందుకీ వంచండి. బలవంతంగా లాగొద్దు, నరానికి లాగుడు పడదు.

ఇంటికొచ్చాక వాపు ఉంటే బట్టలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టొచ్చు. మొద్దుబారిన చోట స్పర్శ తెలియదు కాబట్టి ఎక్కువసేపు వద్దు, ఐసు నేరుగా వద్దు. బామ్ రాస్తే చర్మానికి వేడి తెలుస్తుంది, లోపల నరం మీద ఒత్తిడి తగ్గదు. నొప్పి మాత్ర వేసుకుని మర్నాడు మళ్లీ తొక్కడం అన్నిటికన్నా చెడ్డ ఎంపిక, చేయి చెప్పే మాట వినకుండా నోరు నొక్కినట్టే.

బలం తగ్గిందో లేదో తెలుసుకోవడానికి పేపరు ముక్కతో ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. బొటన వేలికీ చూపుడు వేలి పక్కకూ మధ్య పేపరు పెట్టి, తాళం చెవి పట్టుకున్నట్టు గట్టిగా నొక్కండి. ఇంకొకరిని లాగమనండి. పేపరును ఆపడానికి బొటన వేలి చివరి కణుపు ముడుచుకుంటోందంటే అల్నార్ నరం నడిపే కండరం బలహీనపడినట్టు. రెండు చేతులూ పోల్చి చూడండి. అలా కనబడినా, తొక్కడం ఆపి రెండు మూడు రోజులైనా తిమ్మిరి పోకపోయినా, చేతిలోంచి గ్లాసు జారుతున్నా, బొటన వేలికీ చూపుడు వేలికీ నడుమ కండ గుంట పడినట్టున్నా ఆర్థోపెడిక్ లేదా న్యూరాలజీ డాక్టరుకు చూపించాలి. వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి వెళ్లినా సరే, ప్రైవేటుకు వెళ్లినా సరే, నరంలో కరెంటు వేగం కొలిచే ఎన్‌సీఎస్ పరీక్ష గురించి అడగండి. మెడ దగ్గర నరం నొక్కుకున్నా వేళ్లలో ఇలాంటి తిమ్మిరే వస్తుంది, ఆ తేడా డాక్టరే తేల్చాలి. ఎక్కువమందికి ఒత్తిడి తీసేస్తే కొన్ని వారాల్లో తగ్గుతుంది, బలం పోయినవాళ్లకు నెలలు పడుతుంది.

సైకిల్ మీద నుంచి పడి చేయి ఆనించాక వచ్చిన నొప్పి మాత్రం ఈ లెక్కలోకి రాదు. బొటన వేలు పైకి లేపితే దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కితే నొప్పి ఉంటే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగి ఉండొచ్చు. అది మొదటి ఎక్స్‌రేలో కొన్నిసార్లు కనబడదు. అందుకే బెణికిందిలే అని పసరు కట్టు కట్టించుకుని ఊరుకోవద్దు. డాక్టరు పట్టీ వేసి పది, పన్నెండు రోజుల తర్వాత మళ్లీ ఎక్స్‌రేకు రమ్మంటే, నొప్పి తగ్గినట్టున్నా తప్పకుండా వెళ్లండి. ఆ ఎముకకు రక్తం తక్కువగా అందుతుంది, చూసుకోకపోతే అతుక్కోకుండా మిగిలిపోతుంది.